సంక్రాంతి రైలు టికెట్ నుంచి నూనె ప్యాకెట్ దాకా: మా ఇంట్లో డబ్బు మిగులుతున్న తీరు

మాది కూకట్‌పల్లి. అత్తగారి ఊరు శ్రీకాకుళం. ఇంట్లో మేమిద్దరం, ఏడేళ్ల పాప, నాలుగేళ్ల బాబు. ఏటా సంక్రాంతికి ఊరెళ్లాల్సిందే, శ్రావణంలో చీర కొనాల్సిందే. ఇవేవీ మానుకోకుండా డబ్బు మిగుల్చుకునే దారులు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం తేదీలు గుర్తుపెట్టుకోవడంలోనూ, ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవడంలోనూ ఉన్నాయి.

ముందు రైలు సంగతి. ఎక్కువ మిగిలేది అక్కడే.

రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు, ఉదయం 8 గంటలకు తెరుచుకుంటుంది. 2024 నవంబర్ 1కి ముందు ఇది 120 రోజులు. ఇప్పటికీ పాత లెక్క మనసులో పెట్టుకుని తికమకపడేవాళ్లు నాకు తెలుసు. జనవరి 12న సికింద్రాబాద్‌లో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలంటే నవంబర్ 13 పొద్దున్న ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. తిరుగు ప్రయాణానికి ఇంకో చిక్కుంది. ఈ లెక్క రైలు మొదట బయల్దేరే స్టేషన్‌ను బట్టి ఉంటుంది. హౌరా వైపు నుంచి ముందు రోజు బయల్దేరి అర్ధరాత్రి దాటాక శ్రీకాకుళం చేరే బండి అయితే, మన తేదీకి 61 రోజుల ముందే బుకింగ్ మొదలైపోతుంది. ఆ ఒక్క రోజు తేడాతోనే పండగ సీట్లు అయిపోతాయి. నేను ఈ రెండు తేదీలకూ ఫోన్‌లో అలారం పెట్టుకుంటాను.

ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ముందే కలిపి ఉంచుకోండి. ఆధార్ లేని ఖాతాతో బుకింగ్ తెరుచుకున్న తొలి వేళలో టికెట్ తీయనివ్వరు. తత్కాల్‌కైతే ఆధార్ తప్పనిసరి. ప్రయాణికుల పేర్లు, వయసులు మాస్టర్ లిస్టులో ఎక్కించి పెట్టుకుంటే ఆ హడావుడిలో టైపు చేసే పని ఉండదు.

తత్కాల్ మీద భరోసా పెట్టుకోకండి. స్లీపర్‌లో మనిషికి 100 నుంచి 200 రూపాయలు, థర్డ్ ఏసీలో 300 నుంచి 400 అదనం. పైగా కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ రద్దు చేసుకుంటే పైసా వెనక్కి రాదు. ఇక పండగ ముందు ప్రైవేటు బస్సుల రేట్లు ఎలా ఉంటాయో ఊరెళ్లేవాళ్లెవరికీ చెప్పక్కర్లేదు.

పిల్లల టికెట్ దగ్గర చాలామంది డబ్బు వదిలేస్తున్నారు. అయిదేళ్లు నిండనివాళ్లకు విడిగా బెర్త్ అడగకపోతే టికెట్టే అక్కర్లేదు. అయిదు నుంచి పన్నెండు లోపు వాళ్లకు బెర్త్ తీసుకుంటే పూర్తి చార్జీ, వద్దంటే సగం. బుక్ చేసేటప్పుడు ఆ ప్రశ్న అడుగుతుంది, చూడకుండా దాటేయకండి. మా పాప కింది బెర్త్‌లో నా పక్కనే పడుకుంటుంది. రాత్రి ప్రయాణం, తెల్లారేసరికి విశాఖ దాటేస్తాం, దానికి విడిగా బెర్త్ ఎందుకు? ఇంకో రెండేళ్లు పోతే మాత్రం పూర్తి టికెట్ తీసేస్తాను. పెద్ద పిల్లల్ని ఇరికించి పడుకోబెట్టడం నాకిష్టం లేదు.

విశాఖ దాకా ఒక టికెట్, అక్కణ్నించి ఇంకోటి అని ముక్కలు చేయకండి. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే చార్జీ తగ్గేలా రైల్వే పట్టిక ఉంటుంది. పైగా స్లీపర్‌లో రిజర్వేషన్ చార్జీ 20, సూపర్‌ఫాస్ట్ అయితే ఇంకో 30, ఇవి టికెట్ టికెట్‌కూ పడతాయి. నేరుగా శ్రీకాకుళం రోడ్‌కే తీయండి.

శ్రీకాకుళం రోడ్ అంటే స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. అక్కణ్నించి టౌన్‌కి ఆటోవాళ్లు పండగ రేటు చెప్తారు. సామాను తక్కువ పెట్టుకుంటే ఆర్టీసీ బస్సు ఎక్కొచ్చు. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం. మా అత్తయ్య ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటారు. నా ఆధార్‌లో చిరునామా హైదరాబాద్‌ది కాబట్టి అక్కడ నేను డబ్బులిచ్చే ఎక్కుతాను. నాకు ఇక్కడ తెలంగాణ మహాలక్ష్మి పథకం ఉంది. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో ఉచితం. మెట్రో డీలక్స్‌లో కాదు, ఎక్కేముందు బోర్డు చూసుకోండి.

దారిలో తిండికి పులిహోర, పెరుగన్నం ఇంటి నుంచే. రైల్ నీర్ లీటరు సీసా ధర 2025 సెప్టెంబర్‌లో 15 నుంచి 14 రూపాయలకు తగ్గింది. ఇరవై అడిగితే సీసా మీద అచ్చయిన ధర చూపించండి. అయినా ఇవ్వకపోతే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయొచ్చు.

ఇక సరుకులు. ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ పక్కనో కిందో చిన్న అక్షరాల్లో గ్రాముకు ఇంత, మిల్లీలీటరుకు ఇంత అని యూనిట్ ధర ఉంటుంది. నేను చూసేది అదే. లీటరు వంటనూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. దాని పక్కనే అదే సైజులా కనిపించే ప్యాకెట్ 850 గ్రాములే ఉండొచ్చు. మొదటిది 147 రూపాయలు, రెండోది 140 అనుకోండి. చెయ్యి చవకదాని మీదికే పోతుంది. వంద గ్రాములకు లెక్కేస్తే మొదటిది 16 రూపాయల 15 పైసలు, రెండోది 16 రూపాయల 47 పైసలు. ఏడు రూపాయలు తక్కువ అనుకున్నదే ఖరీదైనది.

పెద్దది కొంటే ఎప్పుడూ చవకే అన్న నమ్మకం కూడా వదిలేయండి. షాంపూలో తరచూ తిరగబడుతుంది. రూపాయి ప్యాకెట్‌లో 5 మిల్లీలీటర్లు ఉంటే మిల్లీలీటరుకు 20 పైసలు. 180 మిల్లీలీటర్ల సీసా 150 రూపాయలైతే 83 పైసలు. ఒకే కంపెనీ, ఒకే షాంపూ అయినా సరే, లెక్కేశాకే కొంటాను. ప్లాస్టిక్ చెత్త ఎక్కువవుతుందన్న బాధ నాకూ ఉంది. అందుకని ఇంట్లో సీసా ఉంచి, ప్రయాణాలకు మాత్రం ప్యాకెట్లు తీసుకెళ్తాం.

కూరగాయలకు రైతుబజార్. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో మొదలుపెట్టినవి ఇవి. రోజు ధరలు బోర్డు మీద రాస్తారు. ముందు బోర్డు చదివి లోపలికి వెళ్తే బేరం చేయాల్సిన అవసరమే ఉండదు. ఆకుకూరలు సాయంత్రం చవకవుతాయి గానీ వాడిపోయిన గోంగూర కట్ట ఎంత తక్కువకు కొన్నా దండగే. నేను పొద్దున్నే వెళ్తాను.

పది నిమిషాల్లో తెచ్చే యాప్‌లలో సరుకు ధర కన్నా బిల్లు కింది భాగం చూడండి. హ్యాండ్లింగ్ చార్జీ, చిన్న ఆర్డర్ చార్జీ, వాన పడితే ఇంకోటి. కొత్తిమీర కట్ట కోసం అవన్నీ కట్టొద్దు.

అత్తయ్యగారి బీపీ, షుగర్ మాత్రలు జనరిక్ మందులు చవకగా అమ్మే జన ఔషధి కేంద్రంలో కొంటాం. అక్కడ బ్రాండు పేరు చెబితే పని జరగదు, మందు పేరు కావాలి. టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్ లాంటివి ఎన్ని మిల్లీగ్రాములో డాక్టర్‌గారి చేత చీటీ మీద రాయించుకోండి. నెలనెలా కొనేవి కాబట్టి తేడా బాగా తెలుస్తుంది.

చీరలు ఆషాఢంలో. పెళ్లిళ్లుండవు, షాపులు ఖాళీ, తగ్గింపు ఇస్తారు. శ్రావణానికి కావలసినవి అప్పుడే తీసేసుకుంటాను.

బంగారం కొనేటప్పుడు గ్రాము ధర దగ్గర ఎవరూ పెద్దగా తగ్గించరు. తగ్గేది తరుగు, మజూరీ దగ్గర. పది గ్రాముల గొలుసుకు 12 శాతం తరుగు అంటే 1.2 గ్రాముల బంగారం ధర అదనంగా కడుతున్నట్టు. దాన్ని 8 శాతానికి దించగలిగితే 0.4 గ్రాముల ధర మిగిలినట్టే. గట్టిగా అడగండి, ఇంకో షాపు రేటు కూడా చెప్పండి. రాళ్ల నగైతే రాళ్ల బరువు తీసేసి బంగారం బరువు విడిగా బిల్లులో రాయించండి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద హెచ్‌యూఐడీ, అంటే ఆ నగకే ఇచ్చే అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల గుర్తింపు నంబర్, తప్పనిసరి. షాపులో కూర్చునే బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొట్టి, చేతిలో ఉన్నది గొలుసైతే యాప్‌లోనూ గొలుసనే ఉందా, స్వచ్ఛత 916 (అంటే 22 క్యారెట్లు) అని చూపిస్తోందా అని చూసుకున్నాకే డబ్బు కట్టండి.