ఏరేటర్ గేర్‌బాక్సు చెడే ముందే పట్టుకోవాలంటే ఏ బోర్డు, ఎలా?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులున్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయే తెల్లవారుజామున ఏరేటర్ ఒక్కటి ఆగినా టెన్షనే. ఫేజు పోతే కాపాడే ప్రివెంటర్ ఎలాగూ ఉంటుంది. బేరింగు, గేర్లు అరుగుతున్న సంగతి మాత్రం అది చెప్పదు, మోటారు అదురులో తెలుస్తుంది. ఆ అదురుని వినే పెట్టె ఇలా చేసుకోండి.

ముందు బోర్డు. మూడు అక్షాల్లో 1024 చొప్పున శాంపిళ్లు (అదురు కొలతలు) తీసి ఎఫ్ఎఫ్‌టీ చేయాలి, అంటే అదురులో ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో విడదీసే లెక్క. ఫ్లోట్‌లో, అంటే ఒక్కో అంకెకి 4 బైట్ల చొప్పున, ఒక్క అక్షానికే 4 కేబీ అవుతుంది, అందరూ వాడే చిన్న బోర్డు ఆర్డునో ఊనో ఆర్3లో ఉన్న ర్యామ్ మొత్తం 2 కేబీ. అందుకే నేను మొదట లైనక్స్ నడిచే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టాను. కరెంటు పోయి వచ్చిన ఒక రాత్రి ఎస్‌డీ కార్డు పాడైంది, బోర్డు లేవలేదు, తెల్లారి గట్టు మీదకి వెళ్తే గానీ నాకు తెలియలేదు. పైగా లైనక్స్‌లో శాంపిళ్ల మధ్య సమయం అటూ ఇటూ అవుతుంది, అలా అయితే నిజంగా లేని శబ్దాలు కూడా ఎఫ్ఎఫ్‌టీలో ఉన్నట్టు కనిపిస్తాయి.

ఈ రెండిటి మధ్యలోవే క్రాస్‌ఓవర్ ప్రాసెసర్లు. టీన్సీ 4.1 అనే బోర్డులో ఉండే ఎన్‌ఎక్స్‌పీ కంపెనీ చిప్పు ఆర్‌టీ1062 తీసుకోండి: కార్టెక్స్ ఎం7 కోరు, 600 మెగాహెర్ట్జ్, 1 ఎంబీ ర్యామ్. ఆపరేటింగ్ సిస్టమ్ లేదు కాబట్టి కరెంటు రాగానే పనిలో పడుతుంది, ప్రోగ్రాము ఆర్డునో ఐడీఈ (ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేర్) లోనే రాయొచ్చు.

సెన్సార్‌గా మూడు అక్షాల్లో అదురుని కొలిచే ఏడీఎక్స్‌ఎల్335 చాలు, కానీ ఇక్కడ చాలామంది మోసపోతారు. రెడీమేడ్ బోర్డుల మీద మామూలుగా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు వేసి ఇస్తారు, వాటితో 50 హెర్ట్జ్ పైన ఉన్నదంతా వడగట్టుకుపోతుంది. అవి తీసేసి 0.01వి వేస్తే 500 హెర్ట్జ్ దాకా వస్తుంది. దీనికి 3.3 వోల్టులే ఇవ్వండి, టీన్సీ పిన్నులు 5 వోల్టులు తట్టుకోవు.

ఇంటర్వల్ టైమర్ (సరిగ్గా ఒకే వ్యవధిలో కోడ్‌ని నడిపేది) పెట్టి సెకనుకి 2000 శాంపిళ్లు తీయండి. ఒక బఫర్ నిండుతుండగా రెండోదాని మీద లెక్క నడవాలి, అంటే మూడు అక్షాలకీ కలిపి 24 కేబీ. వీటిని మామూలు గ్లోబల్ వేరియబుల్స్‌గానే ఉంచండి, ప్రాసెసర్‌ని అంటిపెట్టుకున్న వేగమైన ర్యామ్‌లో కూర్చుంటాయి, క్యాష్ (ప్రాసెసర్ దగ్గర దాచుకునే నకలు) గొడవ ఉండదు. డీఎంఏతో (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటాని నేరుగా ర్యామ్‌లోకి చేర్చే పద్ధతి) రెండో ర్యామ్ వాడాలనుకుంటే మాత్రం చదివే ముందు ఆ బఫర్ మేరకు డేటా క్యాష్‌ని డిలీట్ చేయాలి, లేకపోతే పాత విలువలే వస్తాయి, నాకు రెండు రోజులు పట్టింది అది కనుక్కోడానికి.

పెట్టెని షెడ్డులో కాదు, ఏరేటర్ మీదే బిగించండి, తడి చేరకుండా సీలు వేసి. అనలాగ్ సిగ్నల్‌ని చెరువు మధ్య నుంచి గట్టు దాకా వైరులో లాగితే మోటారు కరెంటు రొద అంతా అందులోకి వస్తుంది. లెక్క అక్కడే అయిపోతుంది కాబట్టి ఆర్‌ఎస్485 (దూరానికి డేటా పంపే వైరు పద్ధతి) మీద నాలుగైదు అంకెలు గట్టుకి పంపితే సరిపోతుంది.

గేర్‌బాక్సు బాగున్న వారం రోజుల రీడింగులు దాచండి. 1440 ఆర్‌పీఎమ్ మోటారుకి 24 హెర్ట్జ్ దగ్గర శిఖరం ఎప్పుడూ ఉంటుంది, దానికి కంగారు పడొద్దు. మొదటి వారంలో లేని శిఖరం అంతకన్నా పై ఫ్రీక్వెన్సీల్లో ఎక్కడైనా రోజురోజుకీ పెరుగుతుంటే పగటిపూటే మెకానిక్‌ని పిలవండి.