కోబోలో కోరీడర్: నేను ఎక్కించిన పద్ధతి

కళ్ళజోడు పవర్ పెరిగిందని నాన్నకి నా పాత ఈ-రీడర్ ఇచ్చాను, అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుకుంటారని. రెండో రోజే తిరిగిచ్చేశారు. "లక్ష్మి" అని ఉండాల్సిన చోట ల, క్, ష్, మి అని విడివిడిగా పడుతున్నాయి. "చదవడం కాదమ్మా, కూడబలుక్కోవాల్సి వస్తోంది" అన్నారు. వేరే ఫాంట్ పెడదామంటే ఆ కంపెనీ ఒప్పుకోదు.

కంపెనీ తాళంలో ఉన్న పుస్తకాలనూ నమ్మలేం. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-బుక్ స్టోర్ మూసేసినప్పుడు జనం కొనుక్కున్నవి కూడా తెరుచుకోవడం మానేశాయి. డబ్బు వెనక్కి ఇచ్చారనుకోండి, పుస్తకాలైతే పోయాయి.

అందుకే ఈసారి సెకండ్ హ్యాండ్ కోబో (ఇంకో కంపెనీ ఈ-రీడర్) కొని, అందులో కోరీడర్ అనే పుస్తకాలు చదివే సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. ఇది ఓపెన్ సోర్స్, ఉచితం. కోబోయే ఎందుకంటే, మెషీన్‌కి కంపెనీ వేసిన తాళం పగలగొట్టే పని లేదు. కిండిల్ మీదా కోరీడర్ నడుస్తుంది కానీ ముందు జైల్‌బ్రేక్ చేయాలి, అంటే ఆ తాళం పగలగొట్టాలి, అది మీ సాఫ్ట్‌వేర్ వెర్షన్‌ని బట్టి కుదిరితే కుదురుతుంది, లేకపోతే లేదు.

కోబోని కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, ముందు అందులో ఉన్నదంతా ఒకచోట కాపీ చేసుకోండి. చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లు మామూలుగా కనబడవు, దాచిన ఫైళ్ళు చూపించే సెట్టింగ్ ఆన్ చేయండి.

ఇక్కడే నేను తప్పు చేశాను. తన సెట్టింగ్స్ ఫైల్‌లో వద్దని ఒక లైను రాసి చెప్పకపోతే, కోబో పుస్తకాల కోసం దాచిన ఫోల్డర్లను కూడా వెతుకుతుంది. ఆ ఒక్క లైను చేర్చకుండా కోరీడర్ ఎక్కించేసరికి, దానిలోని చిన్న చిన్న బొమ్మలన్నీ పుస్తకాలనుకుని లైబ్రరీ నింపేసింది. ఆ లైను కోరీడర్ ఇన్‌స్టాలేషన్ పేజీలో ఉంటుంది. బ్రాకెట్లూ చుక్కలతో గజిబిజిగా ఉంటుంది కాబట్టి టైప్ చేయకండి, కాపీ చేసి అతికించండి. అదీ అన్నిటికంటే ముందు.

తర్వాత నికెల్‌మెనూ, అంటే కోబో మెనూలో కొత్త బటన్లు చేర్చే చిన్న ప్రోగ్రామ్. డౌన్‌లోడ్ చేసిన దాని కోబోరూట్ ఫైల్‌ని విప్పకుండా అలాగే చుక్క-కోబో ఫోల్డర్‌లో వేసి, ఎజెక్ట్ చేసి కేబుల్ తీయండి. కోబో దానంతట అదే రీస్టార్ట్ అవుతుంది. మళ్ళీ కేబుల్ కలిపి, కోరీడర్ జిప్‌ని మాత్రం విప్పి చుక్క-యాడ్స్ ఫోల్డర్‌లో పెట్టాలి. ఆ పక్కనే ఉండే ఎన్ఎం ఫోల్డర్‌లో, అదే పేజీలో ఇచ్చిన ఒక్క లైనుతో టెక్స్ట్ ఫైల్ పెడితే మెనూలో కోరీడర్ కనిపిస్తుంది.

ఇక అసలు పని, తెలుగు. నేను మండలి అనే తెలుగు ఫాంట్‌ని కోరీడర్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్‌లో వేశాను. పుస్తకం తెరిచి స్క్రీన్ పైభాగం తాకితే వచ్చే మెనూలో ఫాంట్ ఎంచుకోవచ్చు. అయినా వత్తులు విడిపోతుంటే, కింది మెనూలో ఫాంట్ కెర్నింగ్‌ని "బెస్ట్"కి మార్చండి. పేజీ కాస్త ఆలస్యంగా తిరిగినా ఫర్వాలేదు, అక్షరాలను సరిగ్గా కలిపేది ఆ సెట్టింగే. "లక్ష్మి" కుదురుగా కనబడిందాకా నాకు టెన్షన్ తగ్గలేదు.

స్కాన్ చేసిన పాత పీడీఎఫ్‌లకు ఫాంట్ ఏమీ చేయలేదు, అవి ఫొటోలు. రీఫ్లో ఆన్ చేస్తే పదాల బొమ్మలను కత్తిరించి పెద్దవి చేసి పేరుస్తుంది. మసకగా ఉన్న స్కాన్‌లో అది నాకు నచ్చలేదు. మార్జిన్లు క్రాప్ చేసి, స్క్రీన్ అడ్డంగా తిప్పి చదవడమే హాయి.

డీఆర్ఎమ్, అంటే పుస్తకానికి కంపెనీ వేసిన తాళం, ఉన్న పుస్తకాలను కోరీడర్ తెరవదు. కోబో స్టోర్‌లో అలాంటివి కొని ఉంటే కోబో సొంత రీడర్‌లోనే చదువుకోవచ్చు, అదెక్కడికీ పోదు. ఇకపై కొనేవి మాత్రం డీఆర్ఎమ్ లేని ఈపబ్ (ఈ-బుక్) ఫైళ్ళు చూసుకోండి.

నచ్చకపోతే ఎన్ఎం ఫోల్డర్‌లో "అన్‌ఇన్‌స్టాల్" అనే పేరుతో, ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీ ఫైల్ పెట్టి రీస్టార్ట్ చేస్తే నికెల్‌మెనూ పోతుంది. కోరీడర్ ఫోల్డర్‌ని మీరే డిలీట్ చేసుకోవాలి.