అసలు ఇంజను లేని పాత కారుకు ధర కట్టడం ఎలా

చెన్నైలో పాత కారు కొనాలని వెతికేవారికి ఎదురయ్యే బళ్లలో పుట్టినప్పటి ఇంజనుతోనే నడుస్తున్నవి తక్కువ. 1973 తరువాత పెట్రోలు ధర మండిపోవడంతో డాడ్జి, ప్లిమత్, షెవర్లే వంటి పెద్ద అమెరికన్ కార్లలోని ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్లను దించి, వాటి చోట పెర్కిన్స్ డీజిల్ ఇంజన్లు ఎక్కించారు. ఆ డీజిల్ ఇంజన్లను సింప్సన్ సంస్థ మద్రాసులోని సెంబియంలోనే తయారు చేసేది కనుక విడిభాగాలకూ పనివాళ్లకూ ఇక్కడ కొదవ ఉండేది కాదు. అంబాసిడర్లలోకి మటడార్ వ్యాను ఇంజన్లు, పెట్రోలు జీపుల్లోకి ప్యూజో డీజిల్ ఇంజన్లు చేరాయి. అందువల్ల కొనేవారు ఇంజను మారిందా అని అడిగి ఆగిపోకుండా, ఏ ఇంజను పెట్టారు, దాన్ని కూర్చోబెట్టడానికి కారులో ఏమేమి కోశారు అన్న ప్రశ్నలకు జవాబు రాబట్టాలి. నా అభిప్రాయంలో ధరను తేల్చేది ప్రధానంగా ఆ రెండో ప్రశ్నే. పోయిన ఇంజనును వెతికి తేవచ్చు గానీ, కోసేసిన క్రాస్ మెంబరునూ (ఇంజను కింద అడ్డంగా ఉండే దూలం), సుత్తితో అణగ్గొట్టిన ఫైర్‌వాల్‌నూ (ఇంజనుకూ కూర్చునే చోటుకూ మధ్య ఉండే రేకు గోడ) యథాస్థితికి తేవడం అంత సులువు కాదు.

మార్పులన్నీ ఒక్క తీరువి కావు. పాత ఇంజను అరిగిపోయినప్పుడు అదే నమూనాకు చెందిన, అదే కాలపు మరో ఇంజనును పెట్టి ఉంటే మౌంటింగులూ (ఇంజనును పట్టి ఉంచే బిగింపులు) గేర్‌బాక్సూ మారవు. ప్రీమియర్ పద్మిని కారులో మరో 1089 సీసీ ఇంజను ఉండడం ఇలాంటిదే, దానికి ధర పెద్దగా తగ్గించనక్కరలేదు. అదే కంపెనీ తరువాతి కాలంలో వాడిన ఇంజనును పెట్టడం రెండో రకం. 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజనున్న పాత అంబాసిడర్‌లో 1990లలో వచ్చిన 1.8 లీటర్ల ఇసుజు ఇంజను కనిపిస్తే, అది నడపడానికి హాయిగా ఉంటుంది గానీ పాత బండి స్వభావం పోతుంది. వేరే జాతి డీజిల్ ఇంజను మూడో రకం, అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసింది ఇదే. ఇంజను బొత్తిగా లేని డొల్ల బండిని చాలామంది చూడగానే వదిలేస్తారు కానీ, ఎవరూ కోయని డొల్ల బండి ఎడాపెడా కోసి నడిపిస్తున్న బండి కంటే మేలని నేను గట్టిగా నమ్ముతాను.

బండిని చూడడానికి ఉదయం పూట, ఇంజను ఇంకా చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. వెంట టార్చిలైటు, చిన్న అయస్కాంతం, పల్చటి కాగితం, పెన్సిలు ఉండాలి. బానెట్ ఎత్తగానే ఇంజను వైపు కాక, అది కూర్చున్న చోటు వైపు చూడండి. ఇంజను మౌంటింగు బ్రాకెట్లు ఫ్యాక్టరీలో నొక్కి చేసినవైతే అంచులు గుండ్రంగా, రెండు వైపులా ఒకే కొలతలో ఉంటాయి. షెడ్డులో కోసి వెల్డింగ్ చేసినవైతే గ్యాస్ కట్టరు కొరికిన అంచులు, ఎగుడుదిగుడు వెల్డింగు గీతలు వేలికి తగులుతాయి. రేడియేటర్‌ను ముందుకు జరిపారా, ఫ్యాను పట్టడానికి గ్రిల్ వెనకున్న రేకును కోశారా, గేరు కడ్డీ కోసం లోపలి నేలలో కొత్త రంధ్రం తీశారా అన్నవి వరసగా చూడాలి. తరువాత బండి కింద దూరి ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాలకు శక్తిని చేర్చే పొడవాటి గొట్టం) మీద టార్చి వేయండి. దాన్ని నరికి అతికించి ఉంటే గొట్టం మీద చుట్టూ వెల్డింగు ఉంగరం కనిపిస్తుంది, ఆ అతుకు సరిగ్గా బ్యాలెన్స్ కాకపోతే వేగం పెరిగేకొద్దీ నేల అదురుతుంది. బరువైన డీజిల్ ఇంజను ఏళ్ల తరబడి మోసిన బండికి ముందు స్ప్రింగులు కుంగి, ముక్కు కిందికి వాలి ఉంటుంది. డీజిల్ ఇంజను తక్కువ చుట్లలోనే పనిచేసేది కనుక, పెట్రోలు ఇంజనుకు తగ్గట్టు ఉన్న పాత డిఫరెన్షియల్‌ను (వెనక ఇరుసులోని పళ్ల చక్రాల పెట్టె) అలాగే ఉంచితే బండి కొద్దిపాటి వేగానికే ఇంజను అరిచి గోల చేస్తుంది.

స్టాండర్డ్ హెరాల్డ్ కారు కొనేవారికి ఒక వెసులుబాటు ఉంది. వండలూరు సమీపంలో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ 1961 నుంచి తయారు చేసిన ఈ కారుకు విడి చాసిస్ (బాడీ కింది చట్రం) ఉంటుంది, బానెట్ మొత్తం రెక్కలతో సహా ముందుకు వంగుతుంది. అందువల్ల పక్కన నిలబడే ఇంజను, మౌంటింగులు, స్టీరింగు అన్నిటినీ పగటి వెలుగులో పరీక్షించవచ్చు. చెన్నై బండి అయితే మరో ప్రశ్న కూడా అడగాలి: 2015 డిసెంబరు వరదలో గానీ, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను సమయంలో గానీ బండి నీళ్లలో నిలిచిందా? నీరు చేరిన ఇంజనును స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, అలా పాడైన ఇంజను చోట మరొకటి వచ్చి ఉండవచ్చు. సీట్ల పట్టాల కింద, తలుపుల లోపల ఎండిన బురద పొర ఉంటే అమ్మేవారి మాటతో పని లేదు. బీసెంట్ నగర్, తిరువాన్మియూరు వైపు సముద్రపు గాలికి నిలిచిన బండి అయితే కింది రేకుల తుప్పు వేరే లెక్క.

ఇక నెంబర్ల సంగతి. ఇంజను నెంబరును ఆర్‌సీతో పోల్చి సరిపోయిందని సంతోషపడితే చాలదు, ఎందుకంటే ఆర్‌సీలో ఉన్నది ఎప్పుడో మార్చి నమోదు చేయించిన నెంబరు కావచ్చు. పాత అంబాసిడర్లలోని బీఎంసీ బి-సిరీస్ ఇంజన్లకు నెంబరు కొట్టిన చిన్న లోహపు పలకను బ్లాకుకు రివెట్లతో బిగించేవారు. అలాంటి పలకను ఒక బ్లాకు మీది నుంచి తీసి మరో బ్లాకుకు తగిలించడం కష్టమేమీ కాదు కనుక, రివెట్ల తలలు కొత్తగా మెరుస్తున్నాయా, వాటి చుట్టూ రంగు చిట్లిందా అని చూడాలి. బ్లాకు మీదనే కొట్టిన నెంబరైతే దాని మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ప్రింటు తీయండి. అంకెల లోతు ఒకే తీరుగా లేకపోయినా, చుట్టూ ఉన్న పోత ఉపరితలం గరుకుగా కాక గ్రైండరు పెట్టినట్టు నున్నగా ఉన్నా అనుమానించాలి. బ్రిటిష్ కార్లకు ఇంకా గట్టి ఆధారం దొరుకుతుంది: మోరిస్, ఎంజీ వంటి వాటికి ఇంగ్లండులోని గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియం, జాగ్వార్లకు జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్ ఫ్యాక్టరీ పుస్తకాల్లోని వివరాలతో ధ్రువపత్రం ఇస్తాయి.

కాగితాల విషయంలో మెతకగా ఉండకూడదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను వాహనంలో చేసే మార్పులకు హద్దులు పెట్టింది. ఇంజను మారితే ఆ సంగతి రిజిస్టరింగ్ అధికారి అనుమతితో ఆర్‌సీలోకి ఎక్కాలి. ఆర్‌సీలో పెట్రోలు అని ఉండి బండిలో డీజిల్ ఇంజను ఉంటే బదిలీ, రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ, ఇన్సూరెన్సు క్లెయిము అన్నీ చిక్కుల్లో పడతాయి. నెల్లూరు, చిత్తూరు, గుంటూరు వైపు నుంచి బండి తెచ్చుకునే మన తెలుగువారు మొదట అక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి. పాత రిజిస్టరు పుస్తకంలోని బండి వివరాలు కంప్యూటరులోకి ఎక్కకపోతే ఆ పని ముందు చేయించమని అమ్మేవారితోనే చెప్పండి. ఇంజను నెంబరును ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) వారి వాహన్ సమన్వయ్ అనే ఆన్‌లైన్ జాబితాలో సరిచూసుకుంటే దొంగ బండిదో కాదో తెలుస్తుంది.

వింటేజ్ రిజిస్ట్రేషన్ ఆశతో కొనేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. 2021 జులైలో కేంద్రం ప్రకటించిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికే ‘వీఏ’ అక్షరాలతో కూడిన నెంబరు వస్తుంది. చాసిస్, బాడీ, ఇంజనులలో మార్పు చేసిన బండికి అది దక్కదు. డీజిల్ ఎక్కించిన ప్లిమత్‌ను వింటేజ్ బండి ధరకు అమ్మజూపితే ఈ నిబంధనను ముందు పెట్టి బేరమాడండి.

ధర కట్టే పద్ధతి ఇది. అదే నమూనా కారు సరైన రకం ఇంజనుతో, అదే స్థితిలో ఎంతకు పోతున్నదో మొదట కనుక్కోండి. అడుగుతున్న ధర కాదు, నిజంగా చేతులు మారిన ధర కావాలి, అది మెకానిక్కులకూ మద్రాస్ హెరిటేజ్ మోటరింగ్ క్లబ్ వంటి చోట్ల తిరిగేవారికీ తెలుస్తుంది. లెక్క కోసం దాన్ని 6 లక్షలు అనుకుందాం. సరైన ఇంజనుకు 80 వేలు, దాని బోరింగు, క్రాంకు పనికి 1 లక్ష, గేర్‌బాక్సుకూ షాఫ్టుకూ 60 వేలు, టింకరింగుకు (రేకు పనికి) 50 వేలు అయితే మొత్తం 2.9 లక్షలు. ఇలాంటి పనుల్లో ఖర్చు పెరగకుండా ఉండడం అరుదు కనుక అందులో నాలుగో వంతు, అంటే సుమారు 70 వేలు కూడా కలిపి తీసేస్తే మీరు ఇవ్వదగినది 2.4 లక్షలు. ఎంజీ, జాగ్వార్, పాత మెర్సిడెస్ వంటి వాటికి ఆ పైన మరో తగ్గింపు ఉండాలి. ఫ్యాక్టరీలో దానితో పుట్టిన ఇంజను ఇక తిరిగిరాదు, ఆ లోటును ఏ ఖర్చూ పూడ్చదు. పద్మిని, అంబాసిడర్ వంటి రోజువారీ కార్లకు ఆ తగ్గింపు అక్కరలేదు.

సరైన ఇంజను కోసం పుదుప్పేట, జనరల్ ప్యాటర్స్ రోడ్డు తిరగవలసిందే. ఎక్కడ కొన్నా ఇంజను నెంబరు రాసిన బిల్లు లేనిదే తీసుకోకండి. బ్లాకులో నీటి దారుల దగ్గర పగుళ్లు ఉన్నాయేమో లేత్ షాపులో పరీక్ష చేయించాకే మిగతా డబ్బు కట్టండి. అమ్మేవారు పాత ఇంజను షెడ్డులో పడి ఉందని చెబితే బేరం తెగకముందే అది చూసి, నెంబరు ప్రింటు తీసుకుని, కారుతోపాటు అదీ మీకు చేరుతుందని అమ్మకపు కాగితంలో నెంబరుతో సహా రాయించండి. యాజమాన్య బదిలీకి కావలసిన 29, 30 ఫారాల మీద సంతకాలు, ఎన్ఓసీ చేతికి వచ్చేదాకా బయానా మించి ఇవ్వవద్దు.