క్లినిక్, నర్సింగ్‌హోమ్, ల్యాబ్‌లకు ఏబీడీఎం రిజిస్ట్రేషన్: వరంగల్, హనుమకొండ వాళ్ల కోసం దరఖాస్తు విధానం

పేషెంట్ల వైద్య రికార్డులను ఆన్‌లైన్‌లో కలిపే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను అందరూ పొట్టిగా ఏబీడీఎం అంటున్నారు. 2021 సెప్టెంబర్ 27న దేశమంతటా మొదలైంది. నడిపేది నేషనల్ హెల్త్ అథారిటీ. ఇందులో డాక్టర్లు, నర్సులకు ఒక రిజిస్ట్రీ ఉంది, దాన్ని హెచ్‌పీఆర్ అంటారు. ఆసుపత్రులు, క్లినిక్‌లు, ల్యాబ్‌లకు ఇంకొకటి, హెచ్‌ఎఫ్‌ఆర్. పేషెంట్లకు 14 అంకెల ఆభా నంబర్. రిజిస్ట్రేషన్‌కు ఫీజు లేదు. చేరి తీరాలన్న బలవంతమూ లేదు. "సార్, ఐదు వేలిస్తే మీకు ఐడీ తెప్పిస్తా" అని ఎవరైనా వస్తే చాయ్ తాగించి పంపించండి, అంతే.

ముందుగా ఒక అపోహ తీరిపోవాలి. ఇందులో చేరినంత మాత్రాన ఆరోగ్యశ్రీ లిస్టులోకి రారు. ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ కార్డు కింద ఉచిత వైద్యం చేయాలంటే ఎంప్యానెల్‌మెంట్ (ఆ పథకం ఆసుపత్రుల జాబితాలో చేరడం) వేరు, దాని కాగితాలు వేరు. పేషెంట్లు కూడా ఆభా కార్డు తెచ్చి కౌంటర్‌లో పెట్టి "ఇది ఉంటే పైసలు కట్టక్కర్లేదట గదా" అంటారు. ఆభా అంటే రికార్డులను ఒక మనిషి పేరు మీద కలిపే నంబర్ మాత్రమే. ఈ మాట మీ రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయికి ముందే చెప్పి పెట్టండి, రోజూ గొడవ తప్పుతుంది.

కాగితాల దగ్గరే అసలు పని

ఆన్‌లైన్ ఫారం నింపడం పెద్ద పని కాదు. దరఖాస్తు ఆగేది పేర్ల దగ్గర. మన దగ్గర పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, ఎంబీబీఎస్ పట్టాలో ఇంటిపేరు చివరికి పోతుంది. లేడీ డాక్టర్లయితే పెళ్లి తర్వాత ఆధార్‌లో ఇంటిపేరు మారి, కౌన్సిల్ సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరే మిగిలి ఉంటుంది. వెరిఫై చేసేవాళ్లకు ఎదురుగా ఉండేది ఈ రెండు కాగితాలే. కాబట్టి పేరు మార్పుకు సంబంధించిన పత్రం పక్కన పెట్టుకోండి. వీలైతే ముందు ఆధార్‌నో కౌన్సిల్ రికార్డునో సరిచేయించుకుని అప్పుడు మొదలుపెట్టండి.

సీనియర్ డాక్టర్లకు ఇంకో చిక్కు. రాష్ట్రం విడిపోకముందు రిజిస్టర్ అయినవాళ్ల పాత సర్టిఫికెట్ ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌ది. ఫారంలో కౌన్సిల్ పేరు ఎంచుకునేటప్పుడు, మీరు అప్‌లోడ్ చేసే సర్టిఫికెట్ మీద ఏ కౌన్సిల్ ఉందో అదే ఎంచుకోవాలి. తెలంగాణ కౌన్సిల్‌కు మారి ఉంటే కొత్త సర్టిఫికెట్, కొత్త నంబర్ పెట్టండి. ఒకదాని నంబర్ టైప్ చేసి ఇంకోదాని కాగితం జత చేస్తే దరఖాస్తు వెనక్కి వస్తుంది. రెన్యూవల్ గడువు దాటిందేమో కూడా ఒకసారి చూసుకోండి.

మొదట డాక్టర్, తర్వాత ఆసుపత్రి

హెచ్‌పీఆర్ పోర్టల్‌కు ఏబీడీఎం అధికారిక వెబ్‌సైట్ నుంచే దారి ఉంది. ఆధార్‌కు లింకైన ఫోన్ చేతిలో ఉండాలి. ఓటీపీ కొట్టగానే పేరు, పుట్టిన తేదీ, ఫోటో ఆధార్ నుంచి వచ్చేస్తాయి. యూజర్‌నేమ్ ఒకటి పెట్టుకోవాలి. తర్వాత చదువు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్, ఎక్కడ పనిచేస్తున్నారు అన్న వివరాలు నింపి, పట్టా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అప్‌లోడ్ చేసి సబ్మిట్ కొట్టాలి. అక్కడి నుంచి సంబంధిత కౌన్సిల్ పరిశీలిస్తుంది. సర్టిఫికెట్‌ను ట్యూబ్‌లైట్ కింద ఫోన్‌తో ఫోటో తీసి పెట్టకండి, జిరాక్స్ షాపులో స్కాన్ చేయించండి.

ఈ అకౌంట్ డాక్టర్‌ది. పాస్‌వర్డ్ కాంపౌండర్ దగ్గరో, కంప్యూటర్ అబ్బాయి దగ్గరో ఉండకూడదు. వాళ్లు మానేసి పోయాక లాగిన్ కోసం ఫోన్లు చేసుకుంటూ తిరగాల్సి వస్తుంది.

ఆసుపత్రి రిజిస్ట్రేషన్ హెచ్‌ఎఫ్‌ఆర్ పోర్టల్‌లో. దరఖాస్తు చేసే వ్యక్తిని ఫెసిలిటీ మేనేజర్ అంటారు. చిన్న క్లినిక్‌లో డాక్టరే మేనేజర్ కావచ్చు. కొత్తగా నింపే ముందు మీ ఆసుపత్రి పేరుతో ఒకసారి వెతకండి. ఎవరైనా ముందే ఎంట్రీ చేసి ఉంటే రెండో ఐడీ తీసుకోవద్దు.

ఫారంలో ఆసుపత్రి పేరు, ప్రైవేటా ప్రభుత్వమా, ఏ వైద్య విధానం, ఏ రకం సంస్థ, చిరునామా, మ్యాప్ మీద లొకేషన్, పని వేళలు, బిల్డింగ్ ఫోటో, బోర్డు ఫోటో అడుగుతారు. బోర్డు మీద పేరు, జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసు ఇచ్చిన రిజిస్ట్రేషన్ మీద పేరు ఒకటే ఉండాలి. బోర్డు మీద "సూపర్ స్పెషాలిటీ" అని పెద్దక్షరాల్లో రాసి, కాగితంలో మామూలు క్లినిక్ అని ఉంటే అడిగేవాళ్లు అడగక మానరు. తర్వాతి పేజీల్లో పడకలు, ఐసీయూ, స్పెషాలిటీలు, ల్యాబ్, ఎక్స్‌రే, ఫార్మసీ వివరాలు. ఉన్నదే రాయండి.

ఇక జిల్లా. ఇది మన దగ్గర మాత్రమే వచ్చే తిరకాసు. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండగా, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లాగా మారాయి, మండలాలు అటూ ఇటూ అయ్యాయి. నక్కలగుట్ట, సుబేదారి, కాజీపేటలో ఉన్నవాళ్లది హనుమకొండ జిల్లా. ఎంజీఎం ఆసుపత్రి చుట్టుపక్కల, ఖిలా వరంగల్ వైపు ఉన్నవాళ్లది వరంగల్ జిల్లా. ఊరంతా ఒకటే కాబట్టి అలవాటుగా వరంగల్ అని నొక్కేస్తారు. పాత సర్టిఫికెట్‌లో వరంగల్ అర్బన్ అని ఉంటే ప్రస్తుత చిరునామాకు రుజువుగా కరెంటు బిల్లో, ఆస్తి పన్ను రసీదో సిద్ధంగా పెట్టుకోండి. పరిశీలన పూర్తయ్యాక ఐఎన్ అనే అక్షరాలతో మొదలయ్యే ఫెసిలిటీ ఐడీ చెలామణిలోకి వస్తుంది.

ఐడీ వచ్చాక ఏం చేయాలి

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకు పెట్టినా పేషెంట్‌కు ఒరిగేదేమీ లేదు. మీ బిల్లింగ్ లేదా ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ ఏబీడీఎంతో అనుసంధానమైందా అన్నది అసలు ప్రశ్న. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లను సూటిగా అడగండి: ఎం1, ఎం2, ఎం3 మైలురాళ్లలో ఏవి పూర్తి చేశారు? ఎం1 అంటే ఆభా తయారుచేయడం, సరిచూడడం. ఎం2 అంటే మీ దగ్గరి రికార్డును పేషెంట్ ఆభాకు కలపడం. ఎం3 అంటే పేషెంట్ ఒప్పుకుంటే వేరే చోటి రికార్డు మీరు చూడగలగడం. ఎం1 ఒక్కటే చేసి "మాది ఏబీడీఎం సాఫ్ట్‌వేర్" అని అమ్మేవాళ్లున్నారు. రోజుకు ముప్పై మంది వచ్చే క్లినిక్‌కు భారీ ప్యాకేజీ అక్కర్లేదు. ప్రిస్క్రిప్షన్, బిల్లు, రిపోర్టు అనే మూడూ కుదురుగా చేసే చిన్నది చాలు.

లాభం మొదట కనబడేది ఓపీ కౌంటర్ దగ్గర. స్కాన్ అండ్ షేర్ అని ఒక పద్ధతి ఉంది. గోడ మీద మీ ఆసుపత్రి క్యూఆర్ కోడ్ ఉంటుంది, పేషెంట్ తన ఆభా యాప్‌తో స్కాన్ చేస్తే పేరు, వయసు, ఊరు మీ కంప్యూటర్‌లోకి వచ్చి టోకెన్ నంబర్ పడుతుంది. చీటీ రాసేచోట "పేరేంది, ఇంటిపేరేంది" అని అరుచుకోవడం తగ్గుతుంది. స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్లకు పాత పద్ధతి కౌంటర్ కూడా ఉంచండి. ఆధార్ ఓటీపీ హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఫోన్‌కు పోతుంటే, ఆ పెద్దాయనను నిలబెట్టి ఆభా చేయించడం న్యాయం కాదు.

రెండో లాభం మనలాంటి ప్రాంతానికే ఎక్కువ. ఏటూరునాగారం నుంచో, భూపాలపల్లి నుంచో వచ్చిన మనిషి క్యారీబ్యాగ్‌లో మడతలు పడ్డ ఎక్స్‌రే, సగం చెరిగిన ఈసీజీ కాగితం తెస్తాడు. షుగర్ మందు పేరు అడిగితే "తెల్ల గోలీ" అంటాడు. అక్కడి ల్యాబ్, ఇక్కడి నర్సింగ్‌హోమ్ రెండూ రికార్డులు కలిపితే, అతను ఫోన్‌లో ఒప్పుకోగానే పాత రిపోర్టు మీ స్క్రీన్ మీద ఉంటుంది. అదే పరీక్ష మళ్లీ చేయించే ఖర్చు చాలాసార్లు తప్పుతుంది. ఇలాంటి ఆలోచన మన దగ్గర కొత్తదేం కాదు, 2022 మార్చిలోనే రాష్ట్ర ప్రభుత్వం ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఇంటింటికీ వెళ్లి హెల్త్ ప్రొఫైల్ తయారుచేసే పైలట్ మొదలుపెట్టింది.

రికార్డులు ఢిల్లీలో ఒకచోట పోగుపడవు, మీ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటాయి. అంటే వాటిని కాపాడే బాధ్యత కూడా మీదే. 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. రిపోర్టులు స్టాఫ్ సొంత వాట్సాప్‌ల నుంచి పంపే అలవాటు ఇకనైనా మానుకోవాలి.

ప్రోత్సాహక డబ్బు గురించి కూడా అడుగుతుంటారు. డిజిటల్ హెల్త్ ఇన్సెంటివ్ స్కీమ్ 2023 జనవరి 1న మొదలైంది. నిర్ణీత సంఖ్య దాటాక ఆభాకు కలిపిన ఒక్కో రికార్డుకు ఇంత అని డబ్బు ఇచ్చేలా దాన్ని రూపొందించారు. పది పడకలు, ఆపైన ఉన్న ఆసుపత్రులు, ల్యాబ్‌లు, సాఫ్ట్‌వేర్ కంపెనీలకు ఉద్దేశించింది. స్కీమ్ గడువును పొడిగిస్తూ వచ్చారు కనుక, దాన్ని లెక్కలో వేసుకునే ముందు పోర్టల్‌లో ప్రస్తుత నిబంధనలు చదవండి. ఆ డబ్బు కోసమే సాఫ్ట్‌వేర్ కొనడం మాత్రం తెలివైన పని అనిపించుకోదు.

క్లినిక్ వేరే బిల్డింగ్‌కు మారినా, ఫోన్ నంబర్ మారినా, ఉన్న ఫెసిలిటీ ఐడీలోనే వివరాలు మార్చుకోవాలి. దరఖాస్తు ఎటూ కదలకపోతే టోల్‌ఫ్రీ 1800-11-4477కు ఫోన్ చేయండి. చేసేటప్పుడు రిజిస్టర్ చేసిన మొబైల్, ఫెసిలిటీ ఐడీ వచ్చి ఉంటే అదీ దగ్గర పెట్టుకోండి.