రఫ్‌లోంచి కొట్టిన బంతి గ్రీన్ దాటిపోకుండా

నెల్లూరు, ఒంగోలు నుంచి చెన్నై వెళ్లి గోల్ఫ్ ఆడివచ్చే మనవారిలో కొందరు, రఫ్‌లో, అంటే ఆటబాట పక్కన పెరగనిచ్చిన గడ్డిలో, పడిన బంతి తక్కువ దూరమే పోతుందనుకొని ఎక్కువ దూరం కొట్టే పెద్ద క్లబ్ (గోల్ఫ్ కర్ర) తీసి, బంతిని గ్రీన్ (రంధ్రం చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) అవతలికి పంపుతుంటారు. బాగా లోతైన గడ్డిలో ఆ అంచనా సరైనదే. చిక్కంతా బంతి సగం మాత్రమే మునిగే గడ్డితోనే, అందులోనూ పోచలు లక్ష్యం వైపు వాలి తడిగా ఉన్నప్పుడు.

జనసంచారం లేని పెన్నా పొర్లుకట్ట పక్కన, మంచుకు తడిసిన గరికలో బంతిని ఉంచి ఒక దెబ్బ కొట్టాక, ఐరన్ (లోహపు పలక తల ఉన్న క్లబ్) ముఖాన్ని పరిశీలించండి: దాని మీది గాడుల్లో పచ్చటి పసరు, నలిగిన పోచలు అంటుకొని ఉంటాయి. అప్పుడు గాడులు బంతిని పట్టుకోలేవు కనుక వెనక్కి తిరిగే స్పిన్ తగ్గి, బంతి ఎక్కువ దూరం పోవడమే గాక, నేలను తాకాక కూడా ఆగకుండా దొర్లుతుంది. 2010 నుంచి వృత్తి ఆటగాళ్ల పోటీల్లో గాడుల పరిమాణం, అంచుల పదునుపై ఆంక్షలు పెట్టింది కూడా రఫ్‌లో ఈ పట్టును తగ్గించేందుకే.

అలాంటి చోట సెవెన్ ఐరన్ దూరమైతే, అంతకన్నా తక్కువ దూరం కొట్టే ఎయిట్ ఐరన్ తీసుకోండి. బంతిని కాస్త వెనక పాదం వైపుగా ఉంచుకొని, క్లబ్‌ను కొంచెం నిటారుగా దించితే మధ్యలో చిక్కే గడ్డి తగ్గుతుంది. భయపడి ఊపును సగంలో ఆపడం మాత్రం, నా దృష్టిలో, రోగం కన్నా చెడ్డ మందు. గ్రీన్ ముందంచుకు గురిపెట్టి, మిగతా దూరాన్ని దొర్లుడుకు వదిలేయండి. రంధ్రం దగ్గరి జెండాకు ముందు బంకర్ (ఇసుక గుంత) ఉంటే గ్రీన్ విశాలంగా ఉన్న వైపుకు కొట్టండి.