మీ చిన్న వ్యాపారానికి సరిపోయే సామాజిక మాధ్యమాన్ని ఎంచుకోవడం ఎలా?

మా పిన్ని విశాఖపట్నం సీతమ్మధారలో ఇంటి నుంచే కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ అమ్ముతుంది. రెండేళ్ళ క్రితం ఎవరో చెప్పారని ఒకే ఆదివారం ఐదు చోట్ల ఖాతాలు తెరిచింది: ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, ఎక్స్ (పాత ట్విట్టర్), ఉద్యోగులు, కంపెనీలు వాడే లింక్డిన్. సంక్రాంతి వచ్చినా ఐదింటిలోనూ అదే ఆవకాయ జాడీ ఫొటో, దాని కింద అదే "త్వరలో మరిన్ని". వాటి వల్ల ఒక్క సీసా కూడా కదల్లేదు. పొడుల్లో లోపమేమీ లేదు. కందిపొడి కోసం లింక్డిన్ తెరిచేవారు లేరు, అంతే.

ఖాతా తెరవడానికి పైసా అక్కర్లేదు కాబట్టి అన్నిచోట్లా ఉందామనిపిస్తుంది. కానీ దాన్ని నడపాల్సింది మీరే, అదీ దుకాణం కట్టేశాక మిగిలిన గంటలో. ఆ గంటను ఎక్కడ పెట్టాలో ఇలా తేల్చుకోండి.

మొదట ఒక నోటు పుస్తకం కొనండి

నవ్వకండి, అసలు పని ఇదే. పదిహేను రోజుల పాటు వచ్చిన ప్రతి కొత్త మనిషినీ "మా గురించి ఎలా తెలిసిందండీ?" అని అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. పిన్ని పుస్తకంలో మొదటి పేజీ ఇది: "అపార్ట్‌మెంటు గ్రూపులో చూశాం." "మా అక్క తెచ్చింది, రుచి చూశాం." "గుడి దగ్గర ఎవరో చెప్పారు." మళ్ళీ "అపార్ట్‌మెంటు గ్రూపు". "హైదరాబాద్‌లో మా అబ్బాయికి పంపాలి." ఆమె గిరాకీ అంతా నోటి మాట మీద, వాట్సాప్ మీద నడుస్తోందని ఆ ఒక్క పేజీయే చెప్పేసింది.

కొనేవారి చేయి ఎటు పోతుందో చూడండి

ఎక్కువ మంది ఎక్కడున్నారన్న లెక్క మీకు పనికిరాదు. మీ సరుకు అవసరమైన క్షణంలో మనిషి ఫోనులో ఏది తెరుస్తాడన్నదే చూడాలి. మద్దిలపాలెంలో టైరు పంక్చరైనవాడు రీల్స్ చూస్తూ కూర్చోడు, మ్యాప్ తెరుస్తాడు. ఎలక్ట్రీషియన్, జెరాక్స్, టిఫిన్ సెంటర్, పళ్ళ డాక్టరు అందరిదీ ఇదే దారి. చీరలు, కేకులు, నగలు, బొమ్మలు చూడగానే మనసు లాగే సరుకు, వాటికి ఇన్‌స్టాగ్రామ్ తగినది. ఏసీ మరమ్మతు, మిద్దెతోట, కుట్టుపని లాంటి వివరించి చెప్పాల్సిన పనులకు యూట్యూబ్. అక్కడ పెట్టిన వీడియో ఏడాది తరువాత కూడా వెతుకులాటలో దొరుకుతుంది. గాజువాక ఆటోనగర్‌లో లేత్ మెషీన్ పెట్టుకుని పరిశ్రమలకు విడిభాగాలు చేసిచ్చేవారికి మాత్రం లింక్డిన్ నిజంగానే అక్కరకొస్తుంది, ఎందుకంటే కంపెనీల్లో కొనుగోళ్ళు చూసేవారు అక్కడ ఉంటారు.

ఫేస్‌బుక్ పాతబడిందని కుర్రాళ్ళు అంటారు. నేను ఒప్పుకోను. నలభై దాటినవారికి అమ్మేవారు, కాలనీ గ్రూపుల్లో తెలిసిన ముఖమైనవారు దాన్ని వదులుకోవద్దు.

గూగుల్ మ్యాప్‌లో చోటు

దీన్ని సామాజిక మాధ్యమం అనరు. అయినా దుకాణం ఉన్నవారు ముందు చేయాల్సింది ఇదే. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. బోర్డు మీద ఉన్న పేరే రాయండి. పేరు పక్కన "వైజాగ్‌లో బెస్ట్" వంటి తోకలు తగిలిస్తే గూగుల్ నిబంధనలకు విరుద్ధం. పని వేళలు సరిగ్గా పెట్టండి, పండగ సెలవులు మార్చడం మరవకండి. మ్యాప్ నమ్మి మధురవాడ నుంచి వచ్చిన మనిషి మూసిన షట్టరు చూస్తే మళ్ళీ రాడు. ఇంటి నుంచి వ్యాపారం చేస్తూ సరుకు మీరే అందించేవారైతే, చిరునామా దాచి, తిరిగే ప్రాంతాలు మాత్రమే చూపించే వీలుంది. సమీక్ష రాయమని అడగవచ్చు గానీ, అందుకు బదులుగా తగ్గింపు ఇస్తామనడం నిషిద్ధం.

వాట్సాప్ బిజినెస్

ఒకసారి కొన్నవారు మళ్ళీ కొనే సరుకైతే ఇది తప్పనిసరి. ఈ యాప్ 2018లో వచ్చింది, ఉచితమే. ధరలతో సహా సరుకుల జాబితా పెట్టుకోవచ్చు, తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులు దాచుకోవచ్చు. సొంత నంబరుతో కలపకుండా వేరే సిమ్ తీసుకోండి. పాత దుకాణాల్లో ల్యాండ్‌లైన్ ఉంటే దానితోనూ నమోదు కావచ్చు, ధ్రువీకరణ కోడ్ కాల్ ద్వారా చెబుతారు.

చాలామంది బోల్తాపడేది బ్రాడ్‌కాస్ట్ దగ్గర, అంటే ఒకే సందేశాన్ని ఒకేసారి చాలామందికి విడివిడిగా పంపే చోట. ఒక జాబితాలో 256 మంది వరకే పడతారు. పైగా మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే సందేశం చేరుతుంది. పిన్ని నెలరోజులు పంపాక గానీ ఈ సంగతి తెలియలేదు. ఇప్పుడు ప్రతి సీసాతో పాటు చిన్న చీటీ పెడుతోంది: "ఈ నంబరు దాచుకోండి, కొత్త ఆవకాయ పెట్టగానే చెబుతాను."

చూపించడానికి ఒక్కటే చోటు

ఈ రెండూ నిలబడ్డాక ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, ఫేస్‌బుక్‌లలో ఒక్కటి తీసుకోండి. వారం వారం అలసట లేకుండా మీరు చేయగలిగింది ఏదో దాన్నే. కెమెరా ముందు మాట్లాడటానికి బిడియపడేవారికి యూట్యూబ్ ఎందుకు? చేతులు చూపిస్తే చాలు. ఏటికొప్పాక బొమ్మలు అమ్మేవారినే తీసుకోండి. లేత్ మీద కొయ్య గిరగిర తిరుగుతుంటే, లక్క కడ్డీ ఆనించగానే పసుపు రంగు పట్టీలా చుట్టుకుంటుంది. ఆ ఇరవై సెకన్లకు మాటలెందుకు? దాని కింద 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన బొమ్మలని ఒక వాక్యం రాస్తే సరిపోతుంది.

భాష సంగతి. ఇరుగుపొరుగుకి అమ్మితే శుభ్రంగా తెలుగులో రాయండి. బీచ్ రోడ్డులోనో అరకు దారిలోనో అమ్మేవారి దగ్గరికి ఒడిశా, బెంగాల్ పర్యాటకులు వస్తారు, కాబట్టి హిందీలోనూ ఒక ముక్క ఉండాలి.

ప్రకటనకు ముందు మ్యాప్ చూడండి

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే మెటాలో ప్రకటన ఇచ్చేటప్పుడు దుకాణం చుట్టూ వలయం గీయమంటుంది. రామకృష్ణా బీచ్ దగ్గర పది కిలోమీటర్ల వలయం గీస్తే దాదాపు సగం బంగాళాఖాతంలో పడుతుంది. చేపలు ఆర్డరివ్వవు కదా! డబ్బు నీళ్ళపాలు కాదు గానీ, మీరు అనుకున్నంత జనం అందులో ఉండరు. మ్యాప్ మీది గుర్తును కాస్త ఊరి లోపలికి జరపండి, లేదా మీరు సరుకు అందించగల పేటలనే ఎంచుకోండి.

సొంత జాబితా రాసుకోండి

2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, దాని మీదే బతికినవారి ఫాలోయర్లు ఒక్క రాత్రిలో పోయారు. కొనేవారు ఒప్పుకుంటే పేరు, నంబరు మీ పుస్తకంలో రాసుకోండి. ఆ పుస్తకాన్ని ఎవరూ నిషేధించలేరు.

మూడు నెలలయ్యాక మళ్ళీ పదిహేను రోజులు అదే ప్రశ్న అడగండి. లైకులు లెక్కపెట్టకండి, పుస్తకంలో ఆ మాధ్యమం పేరు ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. ఒక్కసారీ రాకపోతే మార్చేయండి. పాత ఖాతాను మాత్రం తుడిచేయకుండా, "ఇప్పుడు ఇక్కడ ఉన్నాం" అంటూ వాట్సాప్ నంబరుతో ఒక పోస్టు పైన తగిలించి వదిలేయండి. పిన్ని ఫేస్‌బుక్ పేజీలో ఆ జాడీ ఫొటో పైన ఇప్పుడు ఆ నంబరే ఉంది.