బయోమెడికల్ ఇంజినీరింగ్ పీజీలో ప్రాజెక్టు అంశం ఎలా ఎంచుకోవాలి?

సీటు సంగతి ముందు ముగిద్దాం. ఇంజినీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్‌కు విడిగా పేపరు ఉంది. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఐఐటీ హైదరాబాద్‌లో ఈ విభాగం ఉంది, ఉస్మానియాలోనూ ఉంది. ఎలక్ట్రానిక్స్ నుంచి వచ్చినవారు మొదటి సెమిస్టర్‌లోనే ఫిజియాలజీ, అంటే శరీరం పనిచేసే తీరు, చదవాలి, తర్వాత తీరిక దొరకదు. గట్టి అట్ట నోటుపుస్తకం ఒకటి, వార్డులో తిరగడానికి చప్పుడు చేయని చెప్పులు ఒక జత కొనుక్కోండి. అంతే.

విద్యార్థులు బోల్తా పడేది ప్రాజెక్టు దగ్గర.

ఏటా చూస్తున్నదే. రెండో ఏడాది రాగానే ఎంఐటీ-బీఐహెచ్ అనే ఈసీజీ రికార్డుల డేటాబేస్ దించుకుంటారు. 1975–79 మధ్య 47 మంది నుంచి తీసిన 48 రికార్డులు, ఒక్కొక్కటి అరగంట. దాని మీద ఒక న్యూరల్ నెట్‌వర్క్ (ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రామ్) నడిపి 99 శాతం కచ్చితత్వం అంటారు. ఒకే మనిషి గుండె స్పందనలు శిక్షణలోనూ పరీక్షలోనూ పడ్డాయా అని అడిగితే తలదించుకుంటారు. అలా పడితే ప్రోగ్రామ్ నేర్చుకున్నది జబ్బును కాదు, ఆ మనిషిని. కొత్త రోగి రాగానే చేతులెత్తేస్తుంది. ఆ డేటాబేస్ మంచిదే, తప్పు దానిది కాదు. రోగులవారీగా విడదీయడానికి బద్ధకించినవారిది.

అందుకే నా దగ్గర ఒకటే నియమం: కంప్యూటర్ తెరిచే ముందు ఆస్పత్రిలో పది రోజులు. విభాగాధిపతి అనుమతి తీసుకుని ఒకే వార్డులో కూర్చోండి. రోజుకో వార్డు తిరిగితే ఏమీ కనబడదు. అందులో రెండు రాత్రి షిఫ్టులు తప్పనిసరి, పగలు కనబడని లోపాలన్నీ రాత్రి బయటపడతాయి. మనసులో పరికరం పెట్టుకుని వెళ్లకండి. వెళితే ప్రతి మంచం దగ్గరా దాని అవసరమే కనిపిస్తుంది. "మీకు ఏం కావాలి?" అని పెద్ద డాక్టర్‌ను అడగడం శుద్ధ దండగ, ఆయన విదేశాల్లో చూసిన యంత్రం పేరు చెబుతారు. నర్సును అడగండి. అడగడం కంటే ఆమె చేతులు చూడండి.

నా విద్యార్థి ఒకడు ఐసీయూలో అలాగే కూర్చున్నాడు. మే నెల, ఏసీ సరిగా పనిచేయడం లేదు. చెమటకు రోగి ఛాతీ మీద అంటించిన ఈసీజీ బిళ్ల (ఎలక్ట్రోడ్) అంచు లేచింది, మానిటర్ మోగింది. సిస్టర్ తెర మీది ఈసీజీ గీత వంక చూడనైనా చూడకుండా అలారం ఆపి, జేబులోంచి టేపు తీసి అతికించి వెళ్లిపోయారు. తెల్లవారేలోగా అదే మంచం దగ్గర నాలుగుసార్లు. అతను సమయం, కారణం రాసుకున్నాడు. అలా పది రోజుల అలారాలు రాశాక, నిజమైన ప్రమాదాన్నీ ఊడిన ఎలక్ట్రోడ్‌నూ వేరుచేయడమే అతని అంశమైంది. ఎవరైనా చేతికి దొరికినదానితో సర్దుకుంటున్నారంటే అక్కడ ఒక ప్రాజెక్టు ఉన్నట్టే.

సాంకేతిక పరిజ్ఞానం ముందు ఉండి, దాని అవసరం తర్వాత దొరకకూడదా అని కొందరు వాదిస్తారు. ఉండవచ్చు. క్షిపణుల కోసం తయారుచేసిన తేలికైన పదార్థాన్ని హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రి ఎముకల వైద్యుడొకరు చేత్తో ఎత్తి చూసి, తమను ఆస్పత్రికి తీసుకెళ్లారని అబ్దుల్ కలాం చెప్పేవారు. పిల్లలు మూడు కిలోలకు పైబడిన కాలిపర్లు (కాళ్లకు ఊతంగా కట్టే లోహపు చట్రాలు) ఈడ్చుకుంటూ నడవడం అక్కడే చూశారు. మూడు వారాల్లో 300 గ్రాములవి తయారయ్యాయి. అక్కడా దారి చూపింది వార్డే.

ఫోను బయటికి తీయవద్దు. రోగి పేరు, కేసు నంబరు పుస్తకంలో రాయవద్దు. ఒక్క ఫొటో తీసినందుకు ఒక బృందం మొత్తాన్నీ పంపించేశారు, నేను వెళ్లి బతిమాలినా రానివ్వలేదు.

అంశం ఖాయమైన వారంలోనే రోగుల మీద పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టండి. రోగుల సమాచారం తీసుకోవాలంటే ఆ అనుమతి ఉండాల్సిందే, తర్వాత తెచ్చుకుంటామంటే కుదరదు. సమ్మతి పత్రం తెలుగులో రాయండి, రాశాక వార్డు ఆయాకు చదివి వినిపించండి. ఆమె ఎక్కడ "అంటే?" అని అడిగితే ఆ వాక్యం మార్చండి. కమిటీ సమావేశమయ్యేలోగా మీ సర్క్యూట్‌ను ఈసీజీ సిమ్యులేటర్ (రోగి లేకుండానే ఈసీజీ సంకేతం ఇచ్చే పరికరం) మీద నడుపుకోవచ్చు.